సభను కోరని కవయిత్రి, సభలో వెలిగిన కవయిత్రి: తెలుగు చారిత్రక కల్పనపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు చారిత్రక నవల ఎదుగుదలలో కృష్ణా డెల్టా రచయితల భాగం పెద్దది. పశ్చిమ డెల్టాలోని రేపల్లెలో న్యాయవాదిగా జీవించిన నోరి నరసింహశాస్త్రి (1900–1978) తెలుగు కవుల యుగాలను వరుసగా నవలలుగా మలిచారు. 'నారాయణభట్టు', 'రుద్రమదేవి', 'మల్లారెడ్డి', 'కవిసార్వభౌముడు', 'కవిద్వయము', 'ధూర్జటి' అన్న పేర్లను వరుసగా చదివితే రాజమహేంద్రవరం నుంచి విజయనగరం వరకు సాగిన సాహిత్య చరిత్ర కళ్ల ముందు నిలుస్తుంది. నందమూరులో పుట్టి, విజయవాడలో అధ్యాపకత్వం చేసిన విశ్వనాథ సత్యనారాయణ 'ఏకవీర' కోసం నాయకరాజుల కాలపు మధురకు వెళ్లారు. ఈ నవలల్లో రాజులున్నారు, రాణులున్నారు, సేనానులున్నారు. కవి చాలాచోట్ల కథను నడిపే శక్తిగా, ఒక్కోచోట కథానాయకుడిగా ఉన్నాడు.

ఈ వరుసలో కవయిత్రి స్థానం ఏమిటన్న ప్రశ్నకు సమాధానం సులభం కాదు. ఆమె పూర్తిగా లేదనడం సరికాదు. ఆతుకూరి మొల్ల జీవితం నవలగా, బుర్రకథగా, చలనచిత్రంగా ప్రజల్లోకి వెళ్లింది. అయితే ఆ కథ ప్రచారంలో స్థిరపడిన తీరును, మొల్ల తన గురించి తాను చెప్పుకున్న మాటలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక వైరుధ్యం కనిపిస్తుంది. రాజు పేరు చెప్పని కవయిత్రి చుట్టూ కల్పన ఒక రాజసభను నిర్మించింది. మరోవైపు రాజసభలోనే రాసి, అక్కడే సన్మానం పొంది, ఆ సంగతులను స్వయంగా నమోదు చేసిన తంజావూరు కవయిత్రులు మొల్లలాగా జనం నోట కథానాయికలు కాలేదు. ఈ వైరుధ్యానికి కారణం సభాఘట్టానికి తెలుగు కల్పనలో ఏర్పడిన ఒక ప్రత్యేక స్వభావం. కవయిత్రి ఎలా రాసిందన్న ప్రశ్నకు బదులు, ఆమె కవయిత్రి అవునా కాదా అన్న ప్రశ్నను ఆ ఘట్టం ముందుకు తెస్తుంది. ఈ స్వభావాన్ని వివరించడం, దానివల్ల కల్పన కోల్పోతున్నదేమిటో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొల్ల చెప్పుకున్నది

మొల్ల రామాయణ అవతారిక చిన్నది. తండ్రి కేసన గురించి, గోపవరం గురించి, శ్రీకంఠమల్లేశ్వరుని అనుగ్రహం గురించి ఆమె చెప్పింది. పూర్వకవులను తలచుకుంది. శాస్త్రపాండిత్యం తనకు లేదన్నది. తెలుగు కవిత వినగానే రుచి తెలియాలన్న తన అభిప్రాయాన్ని తేనె ఉపమానంతో స్పష్టం చేసింది. అర్థం కాని మాటలతో నిండిన కావ్యం మూగచెవిటి ముచ్చట వంటిదని ఆక్షేపించింది. కావ్యాన్ని నరునికి కాక రామునికి సమర్పించింది. తన కాలపు రాజు పేరు ఆమె చెప్పలేదు. అందుకే ఆమె కాలం గురించి పండితుల మధ్య ఇంతకాలం చర్చ సాగింది. ఆమెను కాకతీయ ప్రతాపరుద్రునితో ముడిపెట్టిన కథనం ఒకటి, కృష్ణదేవరాయలతో ముడిపెట్టిన కథనం ఒకటి ప్రచారంలో ఉన్నాయి. రెండింటి మధ్య దాదాపు రెండు వందల ఏళ్ల దూరం ఉంది. రాజు మారినా రాజసభ మాత్రం రెండింటిలోనూ ఉండటం గమనించదగినది.

అవతారికలో పాండిత్యం లేదని చెప్పిన భాగాన్ని చాలామంది వినయంగా చదివారు. ఆ పద్యాల నిర్మాణం అంత సరళమైనది కాదు. తనకు తెలియవని ఆమె చెప్పినవి సంధులు, సమాసాలు, కారకాలు, శబ్దార్థాలు, అలంకారాలు మొదలైన శాస్త్ర విషయాలు. వాటిని క్రమంలో పేర్కొని, ఛందస్సు తప్పకుండా పద్యంలో నిలపగలిగిన వ్యక్తికి వాటితో పరిచయం లేదనుకోవడం కష్టం. తెలియదంటూ పట్టిక ఇవ్వడం తెలిసినదానికి నిదర్శనమే. దీన్ని ఒక వ్యూహంగా గ్రహిస్తే అవతారిక మొత్తం కొత్త వెలుగులో కనిపిస్తుంది. పండితుల పరీక్షకు నిలబడే ముందే ఆ పరీక్ష తనకు వర్తించదని ఆమె ప్రకటించింది. కావ్యానికి కొలత శాస్త్రం కాదు, చదువరి నోటికి తగిలే రుచి అని కొలతనే మార్చింది. కృతిభర్త స్థానంలో రాముణ్ణి నిలిపి రాజు తీర్పుకు అవకాశం లేకుండా చేసింది.

లోకం చెప్పిన మొల్ల

లోకంలో స్థిరపడిన మొల్ల కథ దీనికి భిన్నమైన దారిలో నడుస్తుంది. అందులో కుమ్మరి ఇంటి ఆడపిల్ల రామాయణం రాస్తుంది. పండితులు ఆక్షేపిస్తారు. ఆమె రాయల సభకు వెళ్తుంది. అక్కడ ఆశువుగా పద్యం చెప్పమంటారు. ఆమె చెప్పి గెలుస్తుంది. రాజు మెచ్చుకుంటాడు. చివరి రోజులు శ్రీశైలంలో గడిపిందన్న మాటతో కథ ముగుస్తుంది. ఈ కథకు ఇంటూరి వెంకటేశ్వరరావు 1969లో 'కుమ్మర మొల్ల' నవలా రూపం ఇచ్చారు. ఆ నవల ఆధారంగా సుంకర సత్యనారాయణ రాసిన బుర్రకథ ఊరూరా ప్రదర్శనలకు ఎక్కింది. 1970లో పద్మనాభం దర్శకత్వంలో వాణిశ్రీ మొల్లగా నటించిన 'కథానాయిక మొల్ల' విడుదలై నంది పురస్కారం పొందింది. ఏడాది రెండేళ్ల వ్యవధిలో మూడు ప్రక్రియలు ఒకే కవయిత్రిని ఎన్నుకోవడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

వీటిలో బుర్రకథ కృష్ణా డెల్టాకు దగ్గరిది. సుంకర సత్యనారాయణ వాసిరెడ్డి భాస్కరరావుతో కలిసి 'మా భూమి' నాటకం రాసిన రచయిత. 'కష్టజీవి' బుర్రకథతో ప్రజానాట్యమండలి వేదికలపై పేరు పొందినవారు. విజయవాడ కేంద్రంగా ఎదిగిన ఆ ఉద్యమం జనానికి తెలిసిన పాత కళారూపాన్ని కొత్త ప్రయోజనానికి వాడుకుంది. తంబుర మీటుతూ కథ చెప్పే ప్రధాన కథకుడు, చెరో పక్కన గుమ్మెట వాయించే ఇద్దరు వంతలు ఈ ప్రక్రియకు ప్రాణం. వంతల్లో ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు సమకాలీన విషయాలు ఎత్తుతారు. వంత ప్రశ్నిస్తే కథకుడు సమాధానం చెబుతాడు. ప్రశ్నోత్తరాలతో నడిచే ప్రక్రియకు సభాఘట్టం సహజంగానే ఒదుగుతుంది. ఒక పక్క పండితులు, మరో పక్క కుమ్మరి పిల్ల, మధ్యలో రాజు. చేయి తిరిగిన కథకునికి ఇంతకన్నా అనువైన సన్నివేశం దొరకదు. వర్ణభేదాన్ని నిలదీయాలన్న ఉద్యమ ఆశయానికీ ఆ ఘట్టం సరిపోయింది. నాగలి పట్టినవారు, సారె తిప్పినవారు, మగ్గం నేసినవారు కూర్చున్న ప్రేక్షకవర్గం తమ ఇంటి పిల్ల సభ గెలవడం చూసి గర్వపడటం సహజం. ఈ సామాజిక ఫలితాన్ని విమర్శ తక్కువ చేయరాదు.

తెనాలి రామకృష్ణునితో మొల్లకు ముడిపెట్టిన చాటుకథ కూడా ఇదే నమూనాలో ఉంది. కోడిని పట్టుకొని కుక్కతో వెళ్తున్న మొల్లను వాటిని ఇస్తావా అని రామకృష్ణుడు కొంటెగా అడుగుతాడు. ఆమె 'అమ్మను' అంటుంది. విక్రయించనని ఒక అర్థం, నీకు తల్లినని మరో అర్థం. డెల్టాలోని తెనాలి పేరును ఇంటిపేరుగా మోస్తున్న వికటకవి ఇక్కడ పరీక్షకుడి స్థానంలో ఉన్నాడు. మొల్ల సమాధానంలో చురుకుదనం ఉంది. అయినా ఆమె ప్రతిభ ఇక్కడ కూడా ఒక పురుషుడి ప్రశ్నకు జవాబుగానే వ్యక్తమైంది. ఆ జవాబు ఆమెను వెంటనే తల్లి స్థానానికి చేర్చింది. కవయిత్రిని కవయిత్రిగా గౌరవించడం కన్నా తల్లిగా గౌరవించడం లోకానికి తేలిక. చాటుకథ ఆ తేలికైన దారినే ఎంచుకుంది.

రెండు సభలు, రెండు కొలతలు

సభాఘట్టం పురుష కవుల కథల్లోనూ ఉంది కదా అన్న ప్రశ్న ఇక్కడ రావాలి. శ్రీనాథుని జీవితమే ఇందుకు గొప్ప ఉదాహరణ. ప్రౌఢదేవరాయల ఆస్థానంలో గౌడడిండిమభట్టును వాదంలో ఓడించి అతని కంచుఢక్కను పగలగొట్టించిన సంగతి, ముత్యాలశాలలో కనకాభిషేకం పొందిన సంగతి తెలుగువారికి సుపరిచితాలు. కొండవీటి రెడ్డిరాజుల దగ్గర విద్యాధికారిగా వెలిగి, చివరి దశలో కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లెను గుత్తకు తీసుకొని వరదకు పంట పోగొట్టుకున్నాడని చాటువులు చెబుతాయి. వైభవం, పతనం రెండూ ఉన్న ఈ జీవితం నవలాకారులను ఆకర్షించడంలో వింత లేదు.

శ్రీనాథుని సభకు, మొల్ల సభకు మౌలికమైన తేడా ఉంది. శ్రీనాథుడు సభకు వెళ్లేసరికే కవి. అక్కడ జరిగింది ఇద్దరు పండితుల పందెం. ఓడిపోయినా అతడు కవి కాకుండా పోడు, బిరుదు మాత్రమే పోతుంది. ప్రచారకథలోని మొల్ల రామాయణం పూర్తిచేసి కూడా కవయిత్రి కాలేదు. సభ అంగీకరించిన తర్వాతే ఆమెకు ఆ పేరు దక్కుతుంది. ఒకటి ప్రతిభల పోటీ, మరొకటి ప్రవేశార్హతకు పరీక్ష. పోటీలో కవి శైలి, చదువు, అహంకారం, భయం అన్నీ కథావస్తువులు కాగలవు. పరీక్షలో మిగిలేది ఫలితం ఒక్కటే. మొల్ల సభలో చెప్పిన ఆశుపద్యం చుట్టూ ఉత్కంఠ ఏర్పడుతుంది. గోపవరంలో కూర్చొని రాసిన వందల పద్యాలు ఆ ఉత్కంఠ వెనుక మరుగున పడతాయి. ఏ ఘట్టాన్ని ఎందుకు కుదించింది, ఏ ఘట్టానికి ఎక్కువ చోటిచ్చింది, వాల్మీకిలో లేని సంగతులను ఎక్కడి నుంచి తెచ్చుకుంది అన్న ప్రశ్నలకు సభాఘట్టంలో చోటు లేదు. ఆమె నిరాకరించిన కొలతతోనే ఆమెను కొలిచి, నెగ్గిందని కల్పన సంతోషపడింది.

తంజావూరు: సభే పనిచోటు

కవయిత్రి సభలో ఉండటమే అరుదు కాబట్టి కల్పన ఆమెను అక్కడికి తీసుకువెళ్లవలసి వచ్చిందన్న వాదనకు తంజావూరు చరిత్ర అడ్డు నిలుస్తుంది. రఘునాథ నాయకుని ఆస్థానంలో రామభద్రాంబ, మధురవాణి సంస్కృతంలో కావ్యాలు రాశారు. రామభద్రాంబ రాజు చరిత్రనే 'రఘునాథాభ్యుదయం'గా రచించింది. అతని కుమారుడు విజయరాఘవ నాయకుని కాలంలో పసుపులేటి రంగాజమ్మ 'మన్నారుదాసవిలాసం', 'ఉషాపరిణయం' రచించి, బహుభాషా పాండిత్యంతో పాటు రాజు చేత కనకాభిషేకం పొందిన సంగతిని తన గద్యలో నమోదు చేసుకుంది. శ్రీనాథునికి దక్కిన సత్కారమే ఆమెకూ దక్కింది. ఒకరి కనకాభిషేకం తెలుగు సాంస్కృతిక స్మృతిలో ప్రతీకగా నిలిచింది. మరొకరిది సాహిత్య చరిత్ర పుటల్లో ఒక వాక్యంగా మిగిలింది.

కృష్ణా డెల్టాకు ఈ సభతో ఉన్న బంధుత్వం మరొక కవి ద్వారా ఏర్పడింది. మువ్వ గ్రామం పేరును తన పదాల్లో ముద్రగా నిలుపుకున్న క్షేత్రయ్య విజయరాఘవుని ఆస్థానానికి వెళ్లాడు. ఆయనదిగా ప్రసిద్ధమైన పదం ఒకటి మధుర తిరుమల నాయకుని వద్ద 2000, గోల్కొండలో 1500, విజయరాఘవుని వద్ద 1000 పదాలు పాడినట్లు లెక్క చెబుతుంది. అంటే డెల్టా కవి తన పదాలు వినిపించిన రాజాస్థానం, రంగాజమ్మ యక్షగానం పుట్టిన రాజాస్థానం ఒకటే. క్షేత్రయ్య పేరుతో 1976లో 'మహాకవి క్షేత్రయ్య' చిత్రం వచ్చింది. మల్లాది వసుంధర 'తంజావూరు పతనము' నవల, పేరే చెబుతున్నట్లు, ఆ రాజ్యం కూలిన కథ. ఆ రాజు, ఆ కవి, ఆ రాజ్యపతనం కల్పనకు కేంద్రాలయ్యాయి. సభలోని కవయిత్రికి ఆ కేంద్రస్థానం దక్కలేదు.

రంగాజమ్మ రచనలో నవలాకారునికి అందే సామగ్రి తక్కువది కాదు. 'మన్నారుదాసవిలాసం' విజయరాఘవునికి కాంతిమతితో కలిగిన ప్రణయం, పరిణయం. రాజుకు ప్రియురాలిగా సాహిత్య చరిత్రకారులు పేర్కొన్న స్త్రీ, అదే రాజు మరొక స్త్రీని వలచి పెళ్లాడిన కథను రాసింది. అదే వస్తువును ప్రబంధంగానూ, యక్షగానంగానూ మలిచింది. ఇది రాజాజ్ఞా? వృత్తిధర్మమా? తన స్థానాన్ని కాపాడుకునే నేర్పా? రాజు ప్రణయాన్ని రంగస్థలంపై నడిపించి దానిపై తన అధికారం చాటుకోవడమా? చరిత్ర దీనికి సమాధానం చెప్పదు. చరిత్ర నిశ్శబ్దంగా ఉన్న చోటే చారిత్రక కల్పనకు పని ఉంటుంది.

తరువాతి శతాబ్దంలో మరాఠా ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానంలో ముద్దుపళని 'రాధికాసాంత్వనం' రచించింది. ఆమె అవతారిక మొల్ల అవతారికకు పూర్తిగా ఎదురు దిక్కున ఉంటుంది. తన వంశాన్ని స్త్రీల పరంపరగా చెప్పుకుంది. నాయనమ్మ తంజనాయకిని గౌరవంతో తలచుకుంది. తన రూపాన్ని, విద్యను, కవులు తనకు కృతులు అంకితమిచ్చిన ఘనతను దాచుకోకుండా ప్రకటించింది. కావ్యవస్తువు కూడా అంతే సాహసమైనది. తాను పెంచిన ఇళను కృష్ణునికిచ్చి పెళ్లి చేసిన రాధ, ఆ తరువాత అసూయతో, ఒంటరితనంతో వేగిపోవడం, కృష్ణుడు ఆమెను ఓదార్చడం అందులోని కథ. రంగాజమ్మ నాటకంలోని కాంతిమతి వలె ఇక్కడ ఇళ మరొక స్త్రీ. రెండు తరాల ఆస్థాన కవయిత్రులు ఒకే స్థితిని రెండు విధాలుగా రాశారు.

ముద్దుపళనికీ పరీక్ష తప్పలేదు. అది ఆమె మరణించిన ఎన్నో ఏళ్ల తర్వాత వచ్చింది. 1887లో పైడిపాటి వెంకటనరసు ప్రకటించిన ప్రతిలో అవతారికను, కొన్ని పద్యాలను తొలగించారు. కందుకూరి వీరేశలింగం 'ఆంధ్రకవుల చరిత్రము'లో కావ్యాన్ని నీతి దృష్టితో ఖండించారు. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో సమగ్రప్రతిని పరిష్కరించి వావిళ్ల వారి ద్వారా ప్రకటిస్తే ప్రభుత్వం దానిని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో, 1947లో ఆ నిషేధం తొలగింది. విజయవాడ దగ్గర కృష్ణపై 1957లో పూర్తయిన బ్యారేజీకి ఆయన పేరే ఉంది. డెల్టా పొలాలకు నీరందించే ఆ కట్టడాన్ని రోజూ చూసేవారిలో ఈ సంగతి తెలిసినవారు కొద్దిమందే ఉంటారు. ఇక్కడ గుర్తించవలసిన విషయం ఒకటుంది. ముందుగా కత్తెర పడింది శృంగార పద్యాలపై మాత్రమే కాదు, కవయిత్రి తన గురించి చెప్పుకున్న అవతారికపై కూడా. చారిత్రక కల్పనకు అత్యవసరమైన భాగమే మొదట పాఠకుల నుంచి దూరమైంది.

జపాన్ రాజాంతఃపురం: ఒక పోలిక

సభను పరీక్షాస్థలంగా కాక పనిచోటుగా చూపే కల్పన ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి జపాన్ సాహిత్యం నుంచి ఒక ఉదాహరణ ఉపకరిస్తుంది. 'గెంజి గాథ' కర్త్రి మురసాకి షికిబు పదకొండవ శతాబ్ది ఆరంభంలో చక్రవర్తిని షోషి కొలువులో పనిచేసింది. షోషి తండ్రి ఫుజివారా నో మిచినాగా ఆనాటి అధికార కేంద్రం. మురసాకి రాసుకున్న దినచర్య 1008 నుంచి 1010 వరకు సాగిన కొలువు జీవితాన్ని చెబుతుంది. లిజా డాల్బీ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త ఆ దినచర్యను, మురసాకి కవితా సంపుటిని ఆధారం చేసుకొని 2000లో 'మురసాకి కథ' అన్న అర్థం వచ్చే పేరుతో ఆంగ్లంలో నవల రాశారు. కథ ప్రధానంగా మురసాకి స్వరంలోనే నడుస్తుంది.

మురసాకి దినచర్యలోని సంగతులు తెలుగు కవయిత్రుల పరిస్థితిని గుర్తుచేస్తాయి. చిన్నతనంలో తమ్ముడికి చైనా గ్రంథాలు చెబుతుంటే పక్కన కూర్చొని విని, అతనికన్నా ముందే నేర్చుకుంది. ఆమె మగపిల్లాడు కానందుకు తండ్రి విచారించాడు. కొలువులో చేరాక ఆ చదువును దాచింది. చక్రవర్తినికి చైనా కవి బై జుయి రచనలను ఎవరికీ తెలియకుండా బోధించింది. చదువు బయటపడితే ఎగతాళి తప్పదని ఆమెకు తెలుసు. అలాంటి పరిహాసపు పేరు ఒకటి ఆమెకు పెట్టనే పెట్టారు. ఉన్న పాండిత్యాన్ని లేదని చూపడం మొల్ల అవతారికలో కనిపించిన నేర్పే. దూరదేశాల్లో, వేర్వేరు కాలాల్లో ఇద్దరు స్త్రీలు ఒకే రక్షణ మార్గాన్ని ఎంచుకున్నారు.

అదే దినచర్యలో రచన ఒక శ్రమగా కూడా దర్శనమిస్తుంది. కథను ప్రతులుగా తయారుచేయించడం కోసం కాగితాలు ఎంచడం, లేఖకులకు పంపడం, వచ్చినవాటిని కుట్టించడం, మిచినాగా మేలైన కాగితం, కుంచెలు, సిరా తెచ్చి ఇవ్వడం, ఆమె గదిలో దాచుకున్న ప్రతిని అతడే పట్టుకుపోవడం వంటి వివరాలు ఉన్నాయి. సభలో ఆశువుగా గెలవడం కన్నా ఈ వివరాలు కవయిత్రిని ఎక్కువగా ప్రత్యక్షం చేస్తాయి. తన రచన తన చేయి దాటిపోతున్నప్పుడు కలిగే కలత, పోషకుని పట్ల కృతజ్ఞతతో కలిసిన జంకు, తోటి స్త్రీల ఈర్ష్య, పనిలో ఆనందం ఈ సామగ్రి నుంచి పుడతాయి. డాల్బీ నవలకు బలం ఈ ఆధారాల నుంచే వచ్చింది. నవల చివర 'గెంజి గాథ'కు తానే ఒక అధ్యాయాన్ని కల్పించి చేర్చడం సాహసమే. ఆ సాహసం ఔచిత్యంపై భిన్నాభిప్రాయాలకు అవకాశం ఉన్నా, కవయిత్రి జీవితానికి ముగింపు రాజు మెప్పులో కాక మరొక రచనలో వెతకడం గుర్తించదగిన ఎంపిక.

పోలికకు హద్దులున్నాయి. మురసాకి దినచర్య వంటి రచన తెలుగు కవయిత్రుల నుంచి దొరకలేదు. ఆమె కులీన కుటుంబ స్త్రీ. రంగాజమ్మ, ముద్దుపళని సామాజిక స్థితి వేరు, మొల్లది మరీ వేరు. జపాన్ కొలువులో స్త్రీల కోసం స్త్రీలు రాసిన వాతావరణం ఉంది. తంజావూరు సభ ప్రధానంగా రాజు రసికత చుట్టూ తిరిగింది. ఈ తేడాలు నవలాకారుని పనిని కష్టం చేస్తాయే గాని అసాధ్యం చేయవు. అవతారికలు, గద్యలు, కృతి సమర్పణలు, వస్తువు ఎంపిక, ఒకే కథను రెండు ప్రక్రియల్లో రాయడం వంటివన్నీ రచయిత్రి మనసును పట్టి ఇచ్చే సాక్ష్యాలే.

కల్పన బాధ్యత

చారిత్రక కల్పన చరిత్ర గ్రంథం కాదు కాబట్టి మొల్లను రాయల సభకు పంపే స్వేచ్ఛ దానికి ఉందనేవారున్నారు. ఆ స్వేచ్ఛను కాదనడం విమర్శ పని కాదు. కల్పించిన ఘట్టం పాత్రను పెంచిందా, కుదించిందా అని అడగడం విమర్శ పని. బుర్రకథ ప్రేక్షకునికి సభాఘట్టం ఇచ్చిన ఆత్మగౌరవం నిజమైనది. పై వర్ణాల పండితుల ముందు శ్రమజీవుల బిడ్డ నిలబడటం ఆ కాలానికి అవసరమైన దృశ్యం. అయితే ఆ దృశ్యంలో తీర్పు చెప్పే అధికారం చివరికి రాజు చేతిలోనే మిగిలింది. రాజు చేతికి కావ్యం ఇవ్వని స్త్రీ కథలో రాజు మెప్పే విజయంగా మారింది. ప్రజాకళ ఎదిరించదలచిన అధికార క్రమాన్నే కథ ముగింపు తిరిగి నిలబెట్టింది. అవతారికలోని మొల్ల ఈ ముగింపు కన్నా ముందడుగు వేసింది. తీర్పరిగా రాజును కాక వినే ప్రజను ఎన్నుకుంది. తేనె రుచి తెలుసుకోవడానికి శాస్త్రం చదవనక్కరలేదన్న ఆమె వాదంలో, ఊరి నడుమ కూర్చొని బుర్రకథ వినే శ్రోతకే తీర్పు చెప్పే హక్కు ఉంది. ఆ ప్రక్రియ ఆమె కోసం వెతికిన గెలుపు ఆ శ్రోతల మధ్యే ఉంది.

తంజావూరు కవయిత్రుల విషయంలో అడ్డంకి వేరు. వారి గెలుపును కల్పించనక్కరలేదు, అది గద్యల్లో నమోదై ఉంది. గణికావృత్తితో ముడిపడిన జీవితాన్ని గౌరవంగా చిత్రించడానికి సంకోచం ఇరవయ్యో శతాబ్దమంతా సాగింది. ముద్దుపళని కావ్యంపై నిషేధం ఆ సంకోచానికి అధికార రూపం. నిషేధం తొలగినా సంకోచం అంత తొందరగా తొలగలేదు. కల్పనకు మొల్ల అనుకూలంగా కనిపించడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు. భక్తురాలు, అవివాహిత, వినయశీల అన్న చిత్రం పాఠకునికి ఇబ్బంది కలిగించదు. తన అందాన్ని, విద్యను, కీర్తిని తానే చెప్పుకున్న స్త్రీ ఇబ్బంది కలిగిస్తుంది. సభలో పరీక్షకు నిలబడిన స్త్రీని మెచ్చుకోవడం తేలిక. సభలో అధికారంతో కూర్చొని రాసిన స్త్రీని అర్థం చేసుకోవడం కష్టం.

ముగింపు

తెలుగు చారిత్రక కల్పన మొల్లకు రాజసభను కల్పించి ఆమె అవతారికలోని నిరాకరణను మరుగుపరచింది. రంగాజమ్మ, ముద్దుపళనుల విషయంలో వారే నమోదు చేసుకున్న సభను పట్టించుకోలేదు. ఈ రెండు ధోరణులకూ మూలం ఒక్కటే. స్త్రీ రచనను ప్రవేశార్హత సమస్యగా చూడటం వల్ల, ప్రవేశం లేని చోట పరీక్షను కల్పించవలసి వచ్చింది, ప్రవేశం ఉన్న చోట చెప్పడానికి కథే లేనట్లు అనిపించింది. డాల్బీ నవలకు మురసాకి దినచర్య ఇచ్చిన ఆధారం వంటిది అవతారికల్లో, గద్యల్లో పరిమితంగానైనా లభిస్తుంది. కవుల యుగాలను నవలలుగా మలిచిన డెల్టా సంప్రదాయానికి ఈ పని కొత్త కాదు. మువ్వ నుంచి తంజావూరుకు క్షేత్రయ్య నడిచిన దారి ఆ సంప్రదాయానికి తెలిసినదే. ఆ దారి చివర ఉన్న సభలో తాటాకుపై గంటం నడుపుతున్న స్త్రీ దగ్గర కథ మొదలైతే, ఆమె గెలిచిందా అన్న ప్రశ్న వెనక్కి తగ్గి, ఆమె ఏమి రాస్తోంది, ఎందుకు రాస్తోంది అన్న ప్రశ్నలు ముందుకు వస్తాయి.